గుళిక ఆపుతుంది, ఎండ చంపుతుంది

ఆరుద్ర కార్తె. రెండు రోజులు వదలకుండా పట్టిన వాన ఈ మధ్యాహ్నానికి తెరిపిచ్చింది. గోదావరి కాలువ గట్టు దిగి కొబ్బరి తోటలోకి అడుగు పెట్టగానే మీ కాలు జారుతుంది. బురదనుకుంటారు. వంగి చూస్తే జిగురు. రాలిన కొబ్బరి మట్టల మీద, డొక్కల కుప్ప మీద, కొబ్బరి నీడన పెంచుతున్న కోకో మొక్కల మొదళ్ల చుట్టూ వేలెడు వెడల్పున మెరిసే చారలు. నిన్న రాత్రి ఆఫ్రికా నత్తలు నడిచిన దారులవి.

"చూసుకుని అడుగెయ్యండి. చేతులు మాత్రం దేనికీ తగలనివ్వకండి," అంటారు ముందు నడుస్తున్న రైతు. అరవై దాటిన మనిషి. ఒక చేతిలో ప్లాస్టిక్ బకెట్టు, రెండు చేతులకూ రబ్బరు తొడుగులు. మీకూ ఒక జత ఇచ్చారు. ఈ నత్తను ఉత్త చేత్తో పట్టుకోకూడదు. ఎలుక ఊపిరితిత్తుల్లో బతికే ఒక సన్నటి పురుగు, ఎలుక పెంట ద్వారా నత్త ఒంట్లో చేరుతుంది. ఉడకని నత్త మాంసం నుంచో, సరిగా కడగని ఆకుకూరల నుంచో అది మనిషికి సోకితే మెదడు పొరలు వాస్తాయి.

ఆయన ఒక పిల్ల కోకో మొక్క దగ్గర ఆగుతారు. చిగురు లేదు. మొదట్లో బెరడు చుట్టూతా గీకేసి ఉంది. పక్క మొక్కకు ఆకుల ఈనెలు మాత్రం మిగిలాయి. పెద్ద చెట్లకు ఫరవాలేదు, తట్టుకుంటాయి. కొత్తగా నాటిన కోకో, అరటి పిలకలు, పెరట్లో బొప్పాయి నారు, బెండ మొలకలు మాత్రం ఒక్క రాత్రిలో పోతాయి. ఈ నత్త తినగల మొక్కలు అయిదు వందల రకాలకు పైనే ఉన్నాయి. గుల్ల పెంచుకోవడానికి సున్నం కావాలి కాబట్టి గోడలకు వేసిన వెల్ల కూడా గీకి తింటుంది.

ఆయన తలెత్తి కొబ్బరి మట్టల సందుల్లోంచి ఆకాశం చూస్తారు. తూర్పున, తర్వాత పడమట. ఫోన్ తీసి వాతావరణం కూడా చూస్తారు. "రేపు ఎండ కాసేటట్టే ఉందండి. అయితే ఈ రాత్రికి సంచి విప్పుదాం."

ఈ రాత్రి చల్లే మందుకు రేపటి ఎండతో ఏం పని? అడగాలనిపిస్తుంది. ఆయన అప్పటికే ఇంటివైపు నడుస్తున్నారు.

ఇంటి దగ్గర పని హడావుడిగా సాగుతోంది. ఆయన భార్య ఇంకా పొద్దుండగానే కోళ్లను గంప కింద కమ్మేస్తోంది. మనవడు కుక్కను గొలుసుతో గుంజకు కట్టేశాడు. అది ఒప్పుకోక మొరుగుతోంది. "నేను చెప్పేదాకా దాన్ని విప్పకు. నీళ్లు అక్కడే పెట్టు," అని ఆయన మనవడికి రెండుసార్లు చెబుతారు. అంత గట్టిగా ఎందుకు చెప్పారో సంచి విప్పాక తెలుస్తుంది. నీలం రంగు చిన్న గుళికలు. పేరు మెటాల్డిహైడ్, రెండున్నర శాతం. మిగతాదాంట్లో ఎక్కువ భాగం నత్తకు రుచించే పిండి. ఆ పిండి కుక్కకూ ఇష్టమే. తిన్న కుక్కకు కొన్ని గంటల్లోనే వణుకు, మూర్ఛలు, జ్వరం వస్తాయి. దీనికి విరుగుడు మందంటూ లేదు. వెంటనే పశువుల డాక్టరు చేతిలో పడితే లక్షణాలకు వైద్యం చేసి నిలబెట్టగలిగితే నిలబెడతారు.

ఎకరానికి రెండు కిలోలు. లెక్క కట్టి చూడండి, సెంటుకు 20 గ్రాములు. గుప్పెడు కూడా కాదు. "అంతేనా?" అంటారు మీరు. ఆయన నవ్వి మీ చేతిలో కొన్ని గుళికలు పోసి చల్లమంటారు. మీరు అలవాటు కొద్దీ మొక్క మొదట్లో ఒక కుప్ప పోస్తారు. ఆయన కాలి బూటుతో దాన్ని చెదరగొడతారు.

"కుప్ప పోస్తే కుక్కకు పెట్టినట్టండి. ఈ గుళిక వాసన నత్తకు అంత దూరం నుంచి తెలియదు. నడుస్తా నడుస్తా తగిలితే తింటది. అందుకని దాని దారి నిండా పలచగా పడాలి."

అది దారి ఎరిగిన మనిషి మాట. ఆయన చల్లే చోట్లు గమనించండి. తోట నడిమధ్యన చాలా తక్కువ. పిల్ల మొక్కల చుట్టూ ఒక వలయం, డొక్కల కుప్ప అంచున, ఎండుటాకులు పేరుకున్న చోట, గట్టు పొడవునా, కంచె కింద. పగలు దాక్కునే చోటికీ రాత్రి మేసే చోటికీ మధ్యన చల్లుతున్నారు. కాలువ వైపు వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. అక్కడ చాలా మేర వదిలేస్తారు, గుళిక ఒక్కటి కూడా పడనివ్వరు. ఈ మందు నీళ్లతో తేలిగ్గా కొట్టుకుపోతుంది, ఒకసారి కలిసిందంటే తాగునీటి నుంచి తియ్యడం కష్టం. పక్షులకూ అడవి జంతువులకూ హాని అని గ్రేట్ బ్రిటన్‌లో 2022 మార్చి నెలాఖరు నుంచి ఆరుబయట దీని వాడకాన్ని ఆపేశారు.

చల్లడం అయిపోయింది. ఇక చీకటి పడాలి. గట్టు మీద గోనె పరిచి కూర్చుంటారు. దోమలు ముసురుతున్నాయి. ఇంటి నుంచి టీ వచ్చింది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాకే గ్లాసు అందిస్తారు.

"మొదట ఉప్పేశానండి," అని మొదలుపెడతారు ఆయన. "చచ్చాయి. ఉప్పు పడ్డచోట గడ్డీ చచ్చింది. రెండో ఏడు పురుగుమందు కొట్టాను. పొద్దున చూస్తే అన్నీ గుల్లలోకి ముడుచుకున్నాయి. చచ్చాయనుకున్నా. వాన పడగానే లేచి నడిచాయి."

పురుగుమందు పని చెయ్యకపోవడంలో వింతేమీ లేదు. నత్త పురుగు కాదు, దాని ఒళ్లు వేరు. పైకి పడిన దాన్ని జిగురుతో కడిగేసుకుంటుంది. మరీ గడ్డుకాలం వస్తే గుల్ల నోటికి జిగురుతోనే ఒక పొర కట్టి, తలుపేసుకుని నెలల తరబడి నిద్రపోతుంది. వేసవిలో మీరు ఎండు మట్టల కింద చూసి ఖాళీ గుల్లలనుకున్నవి ఖాళీవి కావు.

ఆ తర్వాత ఎరల కాలం వచ్చింది. తవుడులో బెల్లం కలిపి పులియబెట్టి, అందులో మిథోమిల్ అనే విషపు మందు కలిపి ముద్దలుగా తోటలో పెట్టేవారు. నత్తలు ఆ వాసనకు వచ్చి తిని చచ్చేవి. ఆ ముద్దలు మిగతా ప్రాణాలకూ అంతే ప్రమాదం. మిథోమిల్‌ను కేంద్ర ప్రభుత్వం 2023లో నిషేధించింది. తవుడూ బెల్లమూ మాత్రం ఇప్పటికీ పనికొస్తాయి. మందు లేకుండానే తడి గోనె కింద ఆ ముద్ద పెడితే రాత్రికి నత్తలు చేరతాయి, పొద్దున గోనె ఎత్తి ఏరుకోవచ్చు.

కేరళ వాళ్లది మరో దారి. అక్కడ 1970లలో పాలక్కాడ్ వైపు కనిపించిన ఈ నత్త తర్వాత చాలా జిల్లాలకు పాకింది. పీచిలోని కేరళ అటవీ పరిశోధన సంస్థ వాళ్లు ఇంట్లో చేసుకోగల ద్రావణం ఒకటి చెప్పారు. 25 గ్రాముల పొగాకును లీటరున్నర నీళ్లలో మరిగించి లీటరుకు దింపాలి. 60 గ్రాముల మైలతుత్తం ఇంకో లీటరు నీళ్లలో కరిగించాలి. రెండూ కలిపి వడగట్టి నత్తల మీద కొట్టాలి. పొగాకు పండే మన జిల్లాలకు ఈ చిట్కా చవకే. కానీ నేరుగా నత్త మీద పడితేనే పని చేస్తుంది. పైగా మైలతుత్తంలోని రాగి నేలలోంచి ఎక్కడికీ పోదు. ఏటా కొడుతూ పోతే పేరుకుంటుంది, వానపాములకు చేటు.

"ఇంతకీ ఇవి మన ఊరికి ఎట్టా వచ్చాయండి?" అని మనవడు అడుగుతాడు, మీకు తెలుసన్న నమ్మకంతో. ఊరికి వచ్చిన దారి ఎవరు చెప్పగలరు! మొక్కల కుండీల్లో వచ్చాయో, కలప లారీలో వచ్చాయో, కొబ్బరి పీచు బస్తాల్లో వచ్చాయో. దేశానికి వచ్చిన దారి మాత్రం రాసి ఉంది. తూర్పు ఆఫ్రికా దీని పుట్టిల్లు. విలియం బెన్సన్ అనే బ్రిటిష్ ఉద్యోగి, నత్తలంటే చెవికోసుకునే మనిషి, 1847లో మారిషస్ నుంచి వీటిని తెచ్చి కలకత్తా చౌరంగీలోని ఒక తోటలో వదిలాడు. అక్కడి నుంచి దేశమంతా పాకాయి.

ఏడున్నర దాటింది. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, మాట్లాడొద్దని వేలు చూపిస్తారు. వినండి. కప్పల అరుపుల కింద, చాలా దగ్గర్లో, గరగరమని చిన్న చప్పుడు. నత్త నాలుక మీద వేల సంఖ్యలో సన్నటి పళ్లు ఉంటాయి. ఎండుటాకు మీద ఆ నాలుక ఆడుతోంది.

టార్చి వెయ్యండి. నేల కదులుతోంది. డొక్కల కుప్ప కింద నుంచి ఒకటి, దాని వెనక మూడు, గట్టు పగులులోంచి ఇంకొకటి. అరచేతి పొడవున్న గోధుమరంగు గుల్ల, దాని మీద నిలువు చారలు. ముందు నాలుగు కొమ్ములు. పై రెండింటి చివర కళ్లు, కింది రెండు నేలను తడుముతూ వాసన పడుతున్నాయి. వెలుగు పడగానే కొమ్ము లోపలికి లాక్కుని, మళ్లీ నెమ్మదిగా చాస్తుంది.

ఒకదాన్ని ఎంచుకుని చూస్తూ కూర్చోండి. అది పిల్ల కోకో వైపే వెళుతోంది. ఒక గుళికకు బెత్తెడు దూరంలోంచి పట్టించుకోకుండా దాటిపోయింది. రెండో గుళిక సరిగ్గా దారిలో ఉంది. కింది కొమ్ములు తగిలాయి, ఆగింది. తల కిందికి వంచి గుళికను నోటితో కప్పేసింది. తింటున్నంతసేపూ మీరు ఊపిరి బిగబట్టి చూస్తారు. ఏమీ జరగదు. తినేసి నడుస్తుంది కూడా. మీకు అనుమానం వస్తుంది, రైతుకు రాదు.

కాసేపటికి నడక తప్పుతుంది. తల ఒకవైపు తిప్పుతుంది, ఆగుతుంది, మళ్లీ తిప్పుతుంది. ఒంటి చుట్టూ జిగురు ఊరడం మొదలై, నురుగుగా, ముద్దగా కారుతూనే ఉంటుంది. మందు చేసే పని అది. జిగురు తయారుచేసే కణాలను ఉబ్బించి పగలగొడుతుంది. నత్త ఒంట్లో ఉన్న నీళ్లన్నీ జిగురై బయటికి పోతాయి. కండరాలు పట్టు తప్పుతాయి. గుల్లలోకి ముడుచుకునే శక్తి కూడా ఉండదు, తలుపేసుకోవడానికి జిగురు మిగలదు. మొక్కకు జానెడు దూరంలో ఒళ్లంతా బయటపెట్టుకుని పడిపోతుంది.

ఈ మెటాల్డిహైడ్‌ను మొదట నత్తల కోసం చెయ్యలేదు. యూరప్‌లో చిన్న పొయ్యిల్లో వెలిగించుకునే తెల్లటి ఇంధన బిళ్లలుగా అమ్మేవారు. ఆ బిళ్లలు నత్తలను చంపుతాయని 1930లలో బయటపడింది. దాన్ని తవుడులో కలపడంతో ఎర తయారైంది.

"చచ్చినట్టేనా?" అని మీరు గుసగుసగా అడుగుతారు.

"పడిందండి. చావలేదు. ఇప్పుడు వాన కురిస్తే ఒంటికి నీళ్లు పట్టించుకుని రేపు రాత్రికి లేస్తది. ఎండ కాస్తే లేవదు. గుళిక పని దాన్ని బయట పడుకోబెట్టడం వరకే."

సాయంత్రం మీరు అడగకుండా వదిలేసిన ప్రశ్నకు జవాబు దొరికింది. నేల తడిగా ఉంటేనే నత్త బయటికొస్తుంది, పొడి రాత్రి చల్లిన గుళిక వృథా. వాన రాత్రి చల్లితే గుళిక కరిగిపోతుంది, పడిన నత్త కోలుకుంటుంది. తడి రాత్రి, దాని వెంటే ఎండ ఉన్న పగలు కావాలి. వానాకాలంలో అలాంటి జత దొరికేది తెరిపిలోనే. సంచులకు సంచులు పోసి ఫలితం లేదని తిట్టుకునే రైతుకూ, సెంటుకు 20 గ్రాములతో తోట కాపాడుకునే రైతుకూ మధ్య తేడా మందులో లేదు, రోజులో ఉంది.

తెల్లవారుజామున నాలుగున్నరకు ఆయనే లేపుతారు. తోటలోకి వెళ్లేసరికి ఇంకా మసక. గట్టు పొడవునా, మొక్కల చుట్టూ గుల్లలు పడి ఉన్నాయి. కొన్ని బోర్లా, కొన్ని వెల్లకిలా. ఒంటి చుట్టూ జిగురు మడుగులు. బూటుతో తాకితే కొన్ని ఇంకా మెదులుతున్నాయి.

ఆకాశం మూసుకుపోయి ఉంది. నిన్న లేని మబ్బు.

ఆయన ఒక్క మాటా అనకుండా పొడవాటి పటకారు తీసుకుని ఏరడం మొదలుపెడతారు. మనవడికి ఇంకో బకెట్టు, మీకు ఒకటి. ఉప్పునీళ్లు సగానికి పోసిన బకెట్లు అవి. వాన ముందొస్తుందో ఎండ ముందొస్తుందో తెలియనప్పుడు చేతులే నమ్మకం. వంగి వంగి నడుము పట్టేస్తుంది. తోట అంచున జెముడుకాకి దిగింది. ఈ నత్తల్ని తినే పక్షుల్లో అదొకటి. మనవడు మట్ట విసిరి తోలేస్తాడు. మామూలు రోజైతే తోలడు, ఇవాళ నత్తల పొట్టల్లో మందుంది.

ఆరున్నరకు కాలువ గట్టు మీద నుంచి కేక. బాతుల మందను తోలుకెళుతున్న మనిషి బకెట్లు చూసి ఆగాడు. బాతులకు నత్తలంటే ప్రాణం.

"ఏవండోయ్, ఆ నత్తలు పారబోసే బదులు ఇటు పొయ్యండి!"

"మందు తిన్నయ్యి బాబూ! నీ బాతుల్ని ఇటు దిగనివ్వకు. నాలుగు రోజులు ఈ గట్టు వైపే రాకు!"

ఆ మనిషి కర్రతో నీళ్లు కొట్టి మందను అవతలి ఒడ్డుకు మళ్లిస్తాడు. కనిపించకుండా పోయేదాకా రైతు అక్కడే నిలబడతారు.

ఎనిమిదిన్నరకు మబ్బు విడిపోతుంది. ఎండ ఏటవాలుగా కొబ్బరి వరసల మధ్య పడుతుంది. తొమ్మిదికి జిగురు మడుగులు ఎండి కాగితపు పొరలై లేస్తున్నాయి. ఏరకుండా మిగిలినవి పదింటికి కదలడం మానేశాయి. తోట చివర మోకాలి లోతుకు మించి తీసిన గోతిలో బకెట్లు కుమ్మరిస్తారు. పైన సున్నం, ఆ పైన మట్టి, ఆ పైన కుక్క తవ్వకుండా కొబ్బరి మట్టలు, రాళ్లు.

పని అయిపోయిందని మీరనుకుంటారు. ఆయన గునపంతో డొక్కల కుప్ప పక్కన మెత్తటి నేలను రెండు మూడు చోట్ల పెళ్లగిస్తారు. మూడో చోట దొరికింది. లేత పసుపు గుడ్లు, నానిన సగ్గుబియ్యం గుప్పెడు నేలలో పోసినట్టు.

"వీటిని ఏ గుళికా ఏం చెయ్యదండి."

ఒక్కో నత్త ఒక్క కాన్పులో వంద నుంచి నాలుగు వందల దాకా గుడ్లు పెడుతుంది. ఏడాదికి వెయ్యి దాటుతాయి. ప్రతి నత్తా ఆడదీ మగదీ కూడా. ఒకసారి జతకట్టిందంటే ఆ బీజాన్ని దాచుకుని నెలల తరబడి విడతలు విడతలుగా గుడ్లు పెట్టగలదు. అందుకే తొలకరికి లేచిన నత్త గుడ్లు పెట్టకముందే దొరకాలి. ఈసారి చల్లడం కాస్త ఆలస్యమైంది. గుడ్లను పారతో ఎత్తి మరిగే నీళ్ల డబ్బాలో వేస్తారు. కనబడనివి ఎన్నో. ఒకటి నుంచి మూడు వారాల్లో పిల్లలు బయటికొస్తాయి.

తోటకు ఉత్తరాన కంచె అవతల రెండెకరాలు బీడు. మోకాలెత్తు గడ్డి, ఇటుకల కుప్ప. కొన్నాయన హైదరాబాదులో ఉంటారు. కంచె కింద జిగురు చారలన్నీ అటువైపు నుంచే వస్తున్నాయని మీకూ కనిపిస్తోంది. ఇక్కడ ఎంత చల్లినా అక్కడ నత్తలు ఉన్నంతకాలం ఇది తెగదు.

ఈ పాఠం అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం రెండుసార్లు నేర్చుకుంది. 1966లో ఒక పిల్లవాడు హవాయి నుంచి మూడు నత్తలు తెస్తే, వాళ్ల నాయనమ్మ వాటిని పెరట్లో వదిలింది. ఏడేళ్లు తిరిగేసరికి 18 వేలకు పైగా పోగయ్యాయి. పూర్తిగా తొలగించేసరికి 1975 వచ్చింది, దాదాపు పది లక్షల డాలర్లు అయింది. 2011లో మయామీ దగ్గర మళ్లీ కనిపించాయి. ఈసారి వాసన పట్టే కుక్కలకు తర్ఫీదిచ్చి మరీ వెతికారు, ఇంటింటికీ తిరిగారు, ఇదే మెటాల్డిహైడ్ వాడారు, లక్షా అరవై ఎనిమిది వేలకు పైగా ఏరారు. పదేళ్లు పట్టింది. ఎవరి పెరడూ వదలకుండా, ఆపకుండా చేశారు కాబట్టే 2021లో అయిపోయిందనగలిగారు.

రైతు చేతులు కడుక్కుని వచ్చి ఫోన్ తీస్తారు. స్పీకర్లో అవతలి మాట మీకూ వినిపిస్తుంది.

"నా దాంట్లో పంటే లేదు కదండీ, మందెందుకు?"

"పంట లేదండి. నత్తలున్నాయి. మీరు గడ్డి కోయించి, ఆ ఇటుకలు తీయించండి చాలు. గుళికలు నేను తెచ్చి చల్లుతాను. డబ్బులు తర్వాత చూసుకుందాం."

కాసేపు నసుగుడు. ఆఖరికి సరేనన్నారు. రైతు సంచి మూతి రెండు మడతలు పెట్టి పురికొసతో బిగించి, పిల్లలకు అందకుండా వసారా దూలానికి వేలాడదీస్తారు. దుకాణానికి రాసుకునే చీటీలో రెండెకరాలకు ఇంకో నాలుగు కిలోలు అని చేరుస్తారు. ఈ గుడ్లలో మిగిలినవి పగిలి పిల్లలు తిరగడం మొదలెట్టేసరికి పునర్వసు కార్తె చివరికొస్తుంది. తోటలోనూ బీడులోనూ ఒకే రాత్రి చల్లాలి.

"అప్పటికి తెరిపి ఇవ్వకపోతే?" అంటారు మీరు.

"సంచి విప్పనండి. వాన కురుస్తుండగానే టార్చి పట్టుకుని మనవడూ నేనూ ఏరుకుంటాం. మీరు వస్తే మూడో బకెట్టు ఉంది."